కాటా ముందు వరుస

ధనుర్మాసంలో మా ఎలమంచిలి రామాలయంలో సాయంత్రాలు ప్రవచనం పెడతారు. ఆ ఏడు వచ్చినాయన మంచి గొంతున్నవాడు, పురాణాలన్నీ నోటికి వచ్చినవాడు. ఒకరోజు కథ మధ్యలో ఆపి లోకరీతి మీదికి మళ్లారు. పోటీ పడడం అసురగుణం, ఒకరికొకరు తోడుపడడం దైవగుణం, కలియుగంలో మొదటిది పెరిగి రెండోది తరిగిపోయింది అని తేల్చేశారు. జనం తలలూపారు. నా పక్కన కూర్చున్న కిళ్లీబడ్డీ ఆయన మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "అయితే నా బడ్డీకి ఎదురుగా ఇంకో బడ్డీ ఎట్టినోడు అసురుడేనా బాబూ? ఆడొచ్చిన కాణ్ణించే కదా నేను తెల్లారి ఐదింటికల్లా తలుపు తీస్తన్నాను" అన్నాడు.

మర్నాడు అదే ప్రవచనకారుడు క్షీరసాగర మథనం చెప్పారు. నిన్న తాను చెప్పిన మాటకి ఈ కథ అడ్డు తగులుతోందని ఆయనకి తోచినట్టు లేదు. నాకు తెలిసినంతలో పోటీ గురించీ, సహకారం గురించీ ఇంత నిక్కచ్చిగా మాట్లాడిన కథ మన పురాణాల్లో ఇంకొకటి లేదు. దేవతలూ అసురులూ తరతరాల పగవాళ్లు. మందరాన్ని తిప్పడం ఒక్క పక్షం వల్ల అయ్యే పని కాదు గనక కలిశారు. వాసుకి తల ఎవరు పట్టాలి, తోక ఎవరు పట్టాలి అన్న దగ్గరే మొదటి పేచీ. తల పట్టినవాళ్లకి విషపు ఊపిరి తగిలింది. అయినా ఎవరూ పట్టు వదల్లేదు. హాలాహలం పుట్టినప్పుడు కూడా పని చెడలేదు. మింగడానికి మూడోవాడు దొరికాడు లెండి. కలశం పైకి వచ్చాక, పంచుకునే దగ్గర చెడింది. చిలకడానికి ఒప్పందం ఉంది గానీ పంచడానికి ఉన్న ఒప్పందాన్ని నమ్మినవాడు లేడు. మోహిని పంచిన తీరు న్యాయమని చిన్నపిల్లవాడు కూడా ఒప్పుకోడు. ఇందులో నాకు బాగా పట్టిన సంగతి ఇంకొకటుంది. దేవతల వరుసలోకి దొంగగా వచ్చి కూర్చున్న రాహువును పట్టిచ్చినవాళ్లు సూర్యచంద్రులు, అంటే అదే వరుసలో తమ వంతు కోసం చూస్తున్నవాళ్లు.

ఈ సంగతి నాకెందుకు పట్టిందంటే, నేను బతుకులో చాలా భాగం అలాంటి వరుసలు చూస్తూ గడిపాను. ఒక సహకార చక్కెర మిల్లులో కాటా గుమాస్తాని. మిల్లు పేరు ఇక్కడ అనవసరం, ఇప్పుడది నడవడం లేదు.

చెరుకూ సహకారమూ మా ప్రాంతానికి కొత్తగా ఎవరో నేర్పినవి కావు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం దేశంలో చక్కెర పరిశ్రమకి దిగుమతుల నుంచి రక్షణ ఇస్తూ చట్టం చేసింది. మరుసటేడు నుంచీ ఊరూరా చక్కెర మిల్లులు లేచాయి. దాదాపు అన్నీ షావుకార్లవే. రైతులు తామే వాటాలేసుకుని పెట్టుకున్నవి 1933, 1935 మధ్య నాలుగే నాలుగు. ఉత్తరప్రదేశ్‌లో బిస్వాన్ ఒకటి. మిగిలిన మూడూ మన ఆంధ్రలోవే: ఉయ్యూరు, తుమ్మపాల, ఏటికొప్పాక. నాలుగింట్లో మూడు ఆ తొలి రోజుల్లోనే చేతులెత్తేశాయి. నిలిచింది ఏటికొప్పాక ఒక్కటే. వరాహ నది ఒడ్డున, ఎలమంచిలికి దగ్గర్లో, అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరే అది. మహారాష్ట్రలో ప్రవర సహకార మిల్లు పేరు దేశమంతా మోగడానికి పదిహేనేళ్ల ముందే ఈ ఒడ్డున రైతుల మిల్లు పొగ వదిలింది. ఇది మావాళ్లలోనే చాలామందికి తెలియదు. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గనక బొమ్మల సంగతి అందరూ చెబుతారు.

నలుగురూ ఒకే చట్టం కింద, ఒకే ధరల కాలంలో, ఒకే ఆశతో మొదలుపెట్టారు. ముగ్గురు పడ్డారు, ఒకరు నిలిచారు. ఏటికొప్పాకవాళ్లకి దైవగుణం ఎక్కువై, ఉయ్యూరువాళ్లకి తక్కువై అలా జరిగిందంటే నేను నమ్మను. ఉయ్యూరు మిల్లు తర్వాత ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి దివ్యంగా నడిచింది. మనుషుల్లో తేడా లేనప్పుడు, వాళ్ల మధ్య ఉన్న ఏర్పాటులో తేడా ఉండి ఉండాలి. ఆ ఏర్పాటు ఎలాంటిదో నేను కాటా గదిలోంచి చూసినది చెబుతాను.

చెరుకు కొట్టిన క్షణం నుంచి ఎండిపోవడం మొదలెడుతుంది. ఒక రోజు ఆలస్యమైతే బరువు పోతుంది, రెండు రోజులైతే తీపి కూడా పోతుంది. అందుకని మిల్లువాళ్లు నాటిన తేదీని బట్టి ఎవరు ఎప్పుడు కొట్టాలో కటింగ్ ఆర్డర్లు ఇస్తారు. ఆ ఆర్డరు కోసం ఫీల్డుమాన్ చుట్టూ జరిగే ప్రదక్షిణలు ఏ గుళ్లోనూ జరగవు. ఆర్డరు దొరికి, చెరుకు కొట్టి, బండి కట్టి వస్తే ఇక్కడ మళ్లీ వరుస. పుష్యమాసం చలి, రాత్రి రెండు గంటలు, రోడ్డు పొడుగునా ఎడ్లబళ్లు, ట్రాక్టర్లు. ముందున్న బండి అడుగు కదిలితే వెనకున్న బండి అడుగు కదులుతుంది. "మా బండి తొరగా ఎక్కించండి బాబూ, ఆరిపోతాది" అనని రైతు లేడు. అందరూ మిల్లులో వాటాదార్లే. అందరూ ఒకరికొకరు అడ్డమే.

తూకం రెండుసార్లు. నిండు బండిని కాటా మీద నిలబెట్టి ఒకసారి, యార్డులో చెరుకు దించి వచ్చాక ఖాళీ బండిని ఇంకొకసారి. ఆ రెండింటి తేడా చెరుకు బరువు. అందులో ఆకుకి, మట్టికి, కట్టుకి తరుగు తీస్తాం. ఇక ఇందులో చేతివాటం. బండి తోలేవాడు నిండు తూకంలో బండి మీదే కూర్చుంటాడు, ఖాళీ తూకంలో దిగిపోతాడు. అరవై కిలోల మనిషి అరవై కిలోల చెరుకైపోతాడు. ఇంకో రకముంది: కొట్టే ముందు నాలుగు రోజులు తోటకి నీళ్లు పెట్టడం. గడ బరువెక్కుతుంది, రసం పల్చబడుతుంది. ఇంకోటి, మొవ్వు పూర్తిగా నరక్కుండా కొంత వదిలెయ్యడం. పశువుల మేతకి పోవలసింది మిల్లుకి చెరుకు ధరకి వస్తుంది.

నేను గది కిటికీలోంచి ఒక పక్కే చూడగలను. ఇటు సీటులో కూర్చున్నవాడు కనిపిస్తాడు, అటు నుంచి బండి చట్రం మీద కాలు పెట్టి వేలాడేవాడు కనబడడు. వాణ్ని పట్టుకునేది ఎప్పుడూ వెనక బండివాడే. "దిగరా! దిగు! గుమాస్తా బాబూ, ఇటేపు ఒకడు ఏలాడతన్నాడు సూడండి!" అని రోడ్డు దద్దరిల్లేలా అరిచేవాడు. వాడి వెనకున్నవాడు అందుకునేవాడు. ఆ అరుపుల మీద నడిచింది మా మిల్లు. ఇనస్పెక్టర్లు వచ్చి కాటాకి సీలు వేసేవారు, అదీ అవసరమే. కానీ రాత్రి రెండు గంటలప్పుడు ఇనస్పెక్టరు ఉండడు. వెనక బండివాడు ఉంటాడు.

వాడికేం పట్టింది? ముందువాడు అరవై కిలోలు ఎక్కువ రాయించుకుంటే మిల్లు డబ్బు గానీ వాడి డబ్బు పోదు కదా? పోతుంది. వంద కిలోల చెరుకు ఆడితే తొమ్మిది పది కిలోల చక్కెర వస్తుంది, దాన్నే రికవరీ అంటారు. ధర ఆ రికవరీతో ముడిపడి ఉంటుంది. ఎవరి చెరుకు రికవరీ వాళ్లకి విడిగా కట్టరు. అందరి రసం ఒకే గొట్టంలో కలిసిపోతుంది, మిల్లు మొత్తం సగటే అందరికీ. లేని చెరుకు రాసుకున్నవాడు, నీళ్ల చెరుకు తెచ్చినవాడు ఆ సగటును దించుతాడు. అంటే వెనక బండివాడి జేబులో చెయ్యి పెడతాడు. ఈ లెక్క మా రైతులకి ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేదు. కాటా ముందు నిలబడి తెలుసుకున్నారు.

గీత మూడో అధ్యాయంలో యజ్ఞం గురించి చెబుతూ, తీసుకున్నదానికి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగ అంటాడు కృష్ణుడు. దేవతలూ మనుషులూ ఒకరినొకరు పోషించుకోవాలన్నది అక్కడి మాట. పెద్దలు దాన్ని హోమాలకీ హవిస్సులకీ అన్వయించి చెబుతారు. నాకు మాత్రం చట్రం మీద వేలాడేవాడే గుర్తొస్తాడు. కృష్ణుడు ఆ దొంగ పేరు చెప్పాడు గానీ ఎవరు పట్టుకోవాలో అక్కడ చెప్పలేదు. ఆ పని వెనక బండివాడిది. వాడు పుణ్యాత్ముడై అరవలేదు, తన సొంత లాభం చూసుకునే అరిచాడు. ముందువాడి మీద అక్కసు కూడా ఉంటుంది, వాడి బండి ముందుకెళ్లింది కదా. ఆ అక్కసే సహకారానికి రాత్రి కాపలా కాసింది. ప్రవచనకారుడు అసురగుణమన్న దాన్ని మా వరుసలోంచి తీసేస్తే, ఆయన దైవగుణమన్నది నెల తిరక్కుండా కూలిపోయేది.

సర్వం వదిలిన సన్యాసుల్లో ఈ గొడవ ఉండదేమో అని ఒక అనుమానం వస్తుంది. అనకాపల్లి దాటాక శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది, రాతిని తొలిచిన గుహలు, ఇటుక స్తూపాలు, భిక్షువులు కలిసి బతికిన చోటు. అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు బుద్ధుడి కాలంలో కోశాంబిలో జరిగిన గొడవ గుర్తొస్తుంది. ఒకే ఆరామంలో ఇద్దరు గురువులు, ఒకాయన ధర్మం చెప్పడంలో దిట్ట, ఇంకొకాయన నియమాల్లో దిట్ట. ధర్మం చెప్పేవాయన ఒకరోజు మరుగుదొడ్లో చెంబులో వాడగా మిగిలిన నీళ్లు ఒంపకుండా వచ్చేశాడు. నియమాలాయన అది తప్పన్నాడు. తెలియక చేశావు గనక దోషం లేదులే అని ముఖం మీద అని, తన శిష్యుల దగ్గరికి వెళ్లి ఆయనకి తప్పేదో ఒప్పేదో తెలియదని చెప్పాడు. అంతే, ఆరామం రెండు ముక్కలైంది. చెంబెడు నీళ్లు! వాళ్ల పోటీ ఆస్తికి కాదు, అన్నానికి కాదు, ఎవరి విద్య పెద్దదన్న దానికి. బుద్ధుడు స్వయంగా నచ్చజెప్పినా వినలేదు. ఆయన విసిగి అడవికి వెళ్లిపోయాడు, అక్కడ ఏనుగు ఒకటి ఆయనకి సేవ చేసిందంటారు. ఈ కథలో ఏనుగు బొమ్మే అందరూ గీస్తారు. నాకు నచ్చింది కోశాంబి గృహస్థులు చేసిన పని. మీ మూలంగా బుద్ధుడు మాకు దూరమయ్యాడని చెప్పి భిక్ష వెయ్యడం మానేశారు. కొన్నాళ్లకి రెండు వర్గాలూ దారికొచ్చాయి. బుద్ధుడి బోధ వల్ల కానిది ఖాళీ భిక్షాపాత్ర వల్ల అయింది. ఇందులో బుద్ధుడికి తక్కువేం లేదు. బోధ మనసు మీద పనిచేస్తుంది, లెక్క మనుషుల మధ్య పనిచేస్తుంది, రెండూ కావాలి.

పశ్చిమాన ఈ ప్రశ్న డార్విన్ తర్వాత పెద్ద వాదమైంది. జంతులోకమంతా గ్లాడియేటర్ల గోదాలాంటిదని 1888లో ఇంగ్లండు జీవశాస్త్రవేత్త హక్స్‌లీ రాశాడు. రష్యన్ రాజవంశీకుడు క్రొపోట్కిన్ సైబీరియా మంచులో తిరిగినవాడు; అక్కడ ఒకే జాతి జంతువులు ఒకదానితో ఒకటి పోరాడుకోవడం కంటే గుంపుగట్టి చలినీ ఆకలినీ తట్టుకోవడమే ఎక్కువ చూశానని వ్యాసాలు రాసి, 1902లో పుస్తకంగా తెచ్చాడు. ఇద్దరూ చూసింది నిజమే. ఒకే ముక్క ఇద్దరూ వదిలేశారని నాకనిపిస్తుంది, అది లెక్క ఎవరు చూస్తారన్నది. దాన్ని పట్టుకున్నది చాలా తర్వాత ఎలినోర్ ఆస్ట్రమ్. ఉమ్మడి చెరువులు, అడవులు, చేపల రేవులు ఎక్కడ నిలిచాయి, ఎక్కడ పాడయ్యాయి అని దేశదేశాల్లో చూసి 1990లో పుస్తకం రాసింది. ఆర్థికశాస్త్రంలో 2009 నోబెల్ అందుకుంది, ఆ శాస్త్రంలో నోబెల్ పొందిన మొదటి స్త్రీ. నిలిచిన చోట్లన్నిటా కాపలా కాసేది వాటిని వాడుకునేవాళ్లే, లేదా వాళ్లకి జవాబు చెప్పుకునేవాళ్లే అని ఆవిడ తేల్చింది. మా పక్క చెరువు మదుము దగ్గర తన వంతు కోసం పార పట్టుకుని కూర్చున్న రైతు కూడా అదే చేస్తాడు. ముందువాడి వంతు ఎప్పుడు అయిపోతుందా అని చూస్తుంటాడు, అయిపోయిన క్షణం తెలియకుండా దాటిపోనివ్వడు.

ఉమ్మడి శత్రువు వస్తే అందరం ఒకటవుతాం కదా అంటారు. అవుతాం. 2021 జనవరిలో విశాఖ ఉక్కును పూర్తిగా అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించినప్పుడు, గుర్తింపు ఎన్నికల్లో ఒకదాన్నొకటి ఓడించుకునే యూనియన్లన్నీ ఒకే పోరాట కమిటీగా కూర్చున్నాయి. అది చూసి సంతోషించాను. కానీ శత్రువు కోసం కలిసిన కలయిక మీద నాకు నమ్మకం తక్కువ. మందరం తిరిగినంతసేపూ దేవాసురులు కూడా ఒకటే.

మా మిల్లుకి శత్రువు బయటినుంచి రాలేదు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం ధర లేచిన ఏడు మిల్లు ఆకలితో నకనకలాడేది. వాటాదారే, తెస్తానని ఒప్పందం రాసినవాడే, చెరుకు తన గానుగకి తోలుకునేవాడు. వాణ్ని తిట్టడం తేలిక, నేనూ తిట్టాను. కానీ ఆలోచిస్తే వాడి బాధ ఒకటుంది. బెల్లం వండినప్పుడు వాడి పనితనం కనబడుతుంది. పెనం మీద పాకం ఎప్పుడు దించాలో తెలిసినవాడి దిమ్మ పసుపు రంగు తేలి మొదటి రకం ధర పలుకుతుంది, తెలియనివాడిది నల్లబడి అడుగున ఉండిపోతుంది. మార్కెట్లో పాట పాడేటప్పుడు నలుగురి ముందూ అది తేలుతుంది. మిల్లులో మాత్రం ఏడాదంతా కష్టపడి తీయటి గడ పెంచినవాడికీ, నీళ్లు పెట్టి తెచ్చినవాడికీ ఒకటే సగటు. వాడి మంచితనం గొట్టంలో కలిసిపోతుంది, ఎవరికీ తెలియదు. మనిషికి తిండి ఒక్కటే చాలదు, తాను బాగా చేశానని నలుగురికీ తెలియాలి. ఆ కోరికకి మా సహకారం చోటివ్వలేదు. వైరాగ్యం ఉన్నవాడికి అక్కర్లేదేమో గానీ, కోశాంబి భిక్షువులకే లేని వైరాగ్యం చెరుకు రైతుకి ఎక్కణ్నించి వస్తుంది?

మా తీర్థాల్లో ఎడ్ల పరుగు పెడతారు. ఓడినవాడు గెలిచినవాణ్ని తిట్టడం తక్కువ, గడియారం పట్టుకున్నవాణ్ని తిట్టడం ఎక్కువ. గడియారం సరైనదని నమ్మితే ఓటమి మింగుతాడు, వచ్చే ఏటికి జోడీని మేపుతాడు. మిల్లులోనూ అంతే, లెక్క మీద నమ్మకం ఉన్నంతవరకే.

మిల్లు పతనానికి కారణాలు చాలా చెబుతారు: పాత యంత్రాలు, పడిపోయిన చక్కెర ధర, అప్పులు, రాజకీయాలు, పరిశ్రమలకి పోయిన భూములు, దొరకని కూలీలు. అన్నీ నిజమే. ఉమ్మడి విశాఖ జిల్లాలో ఏటికొప్పాక, పడి మళ్లీ లేచిన తుమ్మపాల, తాండవ, గోవాడ అని నాలుగు సహకార మిల్లులు ఉండేవి. వాటి కష్టాలు పేపర్లో చదవని రైతు లేడు. నేను పనిచేసిన చోట నాకు తెలిసిన గుర్తు మాత్రం ఒకటి. బకాయిలు ఒక సీజను నుంచి ఇంకో సీజనుకి పేరుకున్నాయి. తూకం చీటీ జేబులో పెట్టుకున్నవాడికి అది ఎప్పటికి డబ్బవుతుందో తెలియదు. ఆ ఏడు చట్రం మీద వేలాడినవాళ్లని నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసి పట్టుకోవలసి వచ్చింది. వెనక బండివాళ్లు బీడీ కాల్చుకుంటూ చూస్తూ కూర్చున్నారు. ఒకణ్ని అడిగాను, నువ్వు చూశావు కదా, ఎందుకు చెప్పలేదని. "రాసుకోనియ్యండి బాబూ. రాసిందే ఇవ్వట్లేదు, ఎక్కువ రాస్తే మాత్రం ఏటిత్తారు?" అన్నాడు. ఊళ్లో దీన్ని ఐకమత్యం అనుకునేవాళ్లు కూడా ఉంటారు. ఒకణ్నొకడు పట్టివ్వడం మానేశారు, పోటీ పోయింది, అందరూ ఒకటయ్యారు! నాకైతే ఆ రాత్రే మిల్లు మీద ఆశ పోయింది.

1995లో మన రాష్ట్రంలోనే పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వం వాటా, పెత్తనం లేకుండా సభ్యులే పెట్టుకుని సభ్యులే నడుపుకునే సంఘాలకి దేశంలో మొదట దారి వేసింది అదే. దాని కింద సంఘం పెట్టాలని మా పక్క ఊరి కుర్రాళ్లు కొందరు ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలపని బెల్లం వండి విశాఖలో అమ్ముతారట. కాటా గురించి అడిగారు. రోడ్డు మీద టీకొట్టుకి ఎదురుగా పెట్టండి, అంకెలు రోడ్డు వైపు తిరిగి ఉండాలి అన్నాను. ఒప్పుకున్నారు. అసలు తగువు వేరే చోట పడింది. ఎవరి రసం వాళ్ల పేరున విడిగా వండి రకాన్ని బట్టి డబ్బివ్వాలని ఒకడు. అలాగైతే చౌడు నేల ఉన్నవాళ్లు సంఘంలోంచి పోతారు, సగటే కట్టాలని ఇంకొకడు. అందరికీ ఒక కనీస ధర కట్టి, బాగా పండినదానికి పైన కొంత ఇవ్వండి అని నా సలహా. విడివిడిగా వండితే పొయ్యి కింద పిప్పి ఎక్కువ కావాలి, ఖర్చు గిట్టదని లెక్కేసి చూపించారు. వాళ్ల లెక్క తప్పని నేననలేను. ఇద్దరు కుర్రాళ్లు నా వీధరుగు మీదే గొంతులు పెంచుకుని లేచి వెళ్లిపోయారు, మర్నాడు మళ్లీ కలిసి ఒకే బండి మీద వచ్చారు. సంక్రాంతి లోపల తేల్చుకోవాలి. లేదంటే ఈ ఏడు కూడా ఎవరి చెరుకు వాళ్ల గానుగకే.